విశ్వకళాపరిషత్తు సభలును బళ్లారి సీమయును

కప్పగల్లులో మేమెరిగిన యొక తెలుగు గృహస్థుని యింట, అటుకమీద పాత రేకుపెట్టె యొకటి కలదు. అందులో నాలుగు పట్టాలు గుడ్డలో చుట్టి భద్రపరచబడి యున్నవి. ముత్తాతగారిది మదరాసు విశ్వవిద్యాలయపు పట్టా. తాతగారిది ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయపు పట్టా. తండ్రిది గుల్బర్గా విశ్వవిద్యాలయపు పట్టా. ఇటీవల ఉత్తీర్ణురాలైన అమ్మాయిది బళ్లారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు పట్టా. నలుగురును ఆ యింటనే పుట్టిరి. ఆ వీథిలోనే అక్షరములు దిద్దిరి. ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. విశ్వవిద్యాలయములే ఆ యింటిమీదుగా మేఘములవలె సాగిపోయినవి.

ఆ పెట్టెలో ఉండదగి యుండియు లేని పట్టా మరియొకటి కలదు. అది ఆంధ్ర విశ్వకళాపరిషత్తుది. 1926వ సంవత్సరమున మదరాసు శాసనసభ చేసిన చట్టము ప్రకారము, దత్తమండలములతో పాటు బళ్లారి జిల్లాయు ఆ పరిషత్తు పరిధిలో చేర్చబడెను. అయినను కొలది యేండ్లలోనే దత్తమండలములు దాని నీడనుండి తొలగి, మరల మదరాసు విశ్వవిద్యాలయము క్రిందనే నిలిచినవి. ఈ చేరికయు, ఈ తొలగుటయు రాజులు చేసిన యుద్ధముల ఫలితములు కావు. సభలలో కూర్చున్నవారు చేసిన తీర్మానముల ఫలితములు. విశ్వవిద్యాలయమును ఎవరు పాలింతురు, ఏ సభలో ఏ మాట చెల్లును, ఆ సభలో మనవారు ఎందరు అను ప్రశ్నలు పండితుల కాలక్షేపమని కొందరు తలతురు. సరిహద్దున ఉన్నవారికి అట్లు తలచు వెసులుబాటు లేదు. కావుననే ఈ సంచికయందు ఈ చరిత్రను కొంచెము తడవి చూడ సాహసించుచున్నాము.

మొదట విశ్వవిద్యాలయ సభల పుట్టుపూర్వోత్తరములు. ఐరోపాలో పాతకాలమున రెండు మార్గములు ఉండెను. ఇటలీలోని బొలోనా నగరమున విద్యార్థులే సంఘముగా ఏర్పడి, తమకు పాఠము చెప్పు గురువులను తామే నియమించుకొని, ఆలస్యముగా వచ్చిన గురువునకు జరిమానా సైతము విధించుచుండిరి. పారిస్ నగరమున గురువులే సంఘముగా ఏర్పడి తమ యేర్పాట్లు తామే చేసికొనిరి. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి ఈ రెండవ త్రోవను పట్టినవి. మన దేశమునకు వచ్చిన నమూనా ఈ రెండింటిలో ఏదియు కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు స్థాపించబడిన మూడు విశ్వవిద్యాలయములును ఆనాటి లండను విశ్వవిద్యాలయము ననుసరించి, పరీక్షలు జరిపి పట్టాలిచ్చు కార్యస్థానములుగా మాత్రమే వెలసినవి. వాని సెనేటులో కూర్చున్నవారు ఎక్కువభాగము ప్రభుత్వము నియమించిన పెద్దలు: జడ్జీలు, కలెక్టర్లు, దొరలు, కొందరు జమీందార్లు. పాఠము చెప్పువానికి అందు పీట దొరకుట అరుదు. 1904లో కర్జను ప్రభువు చేయించిన చట్టము సభ్యుల సంఖ్యను కుదించి, ప్రభుత్వపు పట్టును మరింత బిగించెను.

ఈ తీరు మారవలెనని గట్టిగా చెప్పినది 1917 మొదలు 1919 వరకు పనిచేసిన కలకత్తా విశ్వవిద్యాలయ విచారణసంఘము. దానికి అధ్యక్షుడు మైకేల్ శాడ్లరు. పాలన వేరు, విద్యావిషయము వేరు; పాఠ్యము, పరీక్ష, ప్రమాణము అనువానిని అధ్యాపకులతో కూడిన ప్రత్యేక సభకు అప్పగించవలెను అనుట ఆ సంఘము సూచనల సారము. పిమ్మట వచ్చిన 1923 నాటి మదరాసు విశ్వవిద్యాలయ చట్టమునందును, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టమునందును ఈ భావము చోటు చేసికొనెను.

చదువరులలో సెనేటు, సిండికేటు అను పేర్లు వినియు వాని భేదము తెలియనివారు కలరు కావున ఒక్క మాట. సెనేటు మహాసభ. పట్టభద్రులు, కళాశాలల అధ్యక్షులు, స్థానిక సంస్థల ప్రతినిధులు, ప్రభుత్వ నియుక్తులు అందరును అందు కూర్చుందురు, ఏటికి ఒకటి రెండు మారులు కలిసికొందురు, మాటలు మెండు. సిండికేటు చిన్నది, డబ్బు, ఉద్యోగములు, కట్టడములు దాని చేతిలో ఉండును, మాటలు తక్కువ, పని యెక్కువ. అకడమిక్ కౌన్సిలు విద్యాసభ. దాని క్రింద ఒక్కొక్క శాస్త్రమునకు పాఠ్యనిర్ణాయక సంఘము, అనగా బోర్డు ఆఫ్ స్టడీస్, ఉండును. ఏ పుస్తకము చదివించవలెను, ఏ భాషలో ఏ పత్రము ఉండవలెను, పరీక్షకులు ఎవరు అను సంగతులు మొట్టమొదట అచ్చటనే పొటమరించును. ఊరిలో రచ్చబండ, కరణముగారి చావడి, చెరువు మరమ్మతు పెద్దలు అను మూడింటిని తలచుకొన్నచో ఈ యేర్పాటు కొత్తగా తోచదు.

సంఘముల ద్వారా నిర్ణయము చేయుట మనకు పాశ్చాత్యులు నేర్పిన విద్యయని తలచుట పొరపాటు. తమిళదేశమందలి ఉత్తరమేరూరు శాసనములు పదవ శతాబ్దినాటివి. చోళరాజు పరాంతకుని కాలపువి. వానియందు గ్రామసభ తన పనులకై వారియములను సంఘములను ఎట్లు ఎన్నుకొనవలెనో వివరముగా వ్రాయబడినది. చెరువునకొక వారియము, తోటలకొక వారియము. పేర్లు వ్రాసిన ఆకులను కుండలో వేసి, ఏమియు ఎరుగని బాలునిచేత తీయించుట. మూడువందల అరువది దినముల పదవి. మాకు మిక్కిలి నచ్చిన నియమము మరియొకటి. ముందు సంఘములో కూర్చుండి లెక్క అప్పగించనివాడును, వాని దగ్గరి బంధువులును మరల ఆ కుండలో పేరు వేయుటకు అనర్హులు. నేటి విశ్వవిద్యాలయ చట్టములన్నియు వెదకినను ఇంత ముక్కుసూటి నియమము దొరకునో లేదో.

ఇక మన కథ. 1913 మే నెలలో బాపట్లయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభనుండియు తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము, దానితోడనే ప్రత్యేక విశ్వవిద్యాలయము అను కోరిక బలపడెను. సర్కారు జిల్లాలలో ఉత్సాహము పొంగుచుండగా దత్తమండలములలో సంకోచము నిలిచెను. కృష్ణా గోదావరి నీటితో పండిన సీమ, చదువున ముందంజ వేసిన సీమ, సంఖ్యలో పెద్దదైన సీమ ఒకవైపు. వానకై ఆకాశము చూచు సీమ మరియొకవైపు. ఒకే యింట పెద్దన్నయు చిన్నతమ్ముడును భాగము పంచుకొనునపుడు తమ్మునికి కలుగు భయము ఎట్టిదో అట్టి భయమే ఇదియు. బళ్లారివారికి భయము రెండింతలు. 1921లో కాంగ్రెసు తన ఆంధ్ర, కర్ణాటక రాష్ట్ర సంఘముల పొలిమేర తేల్చుటకు నరసింహ చింతామణి కేల్కరును మధ్యవర్తిగా ఏర్పరచెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర సంఘమునకు చెందవలెనని ఆయన తీర్పు. జిల్లా చీలిక కాగితముమీద గీయబడినది ఆనాడే.

ద్వంద్వ ప్రభుత్వ కాలమున మదరాసులో విద్యామంత్రిగా ఉండిన అన్నెపు పరశురామదాసు పాత్రోగారు ఆంధ్ర విశ్వవిద్యాలయపు బిల్లును నడిపించిరి. 1926 ఏప్రిల్ 26వ తేదీన పరిషత్తు అవతరించెను. బెజవాడ దాని తొలి కార్యస్థానము. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులు. ఆయన చిత్తూరు జిల్లావారు, అనగా మన వైపువారే, కేంబ్రిడ్జిలో చదివినవారు, మైసూరు సంస్థానమున విద్యాశాఖను నడిపినవారు. అనంతపురము చెంత బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగకుండుటకై ప్రాణమర్పించిన ముసలమ్మ కథను యౌవనముననే కావ్యముగా వ్రాసినవారు. పరిషత్తు తొలి పగ్గములు దత్తమండలముల కష్టమెరిగిన చేతులలో ఉండెను. అయినను దత్తమండలములు పరిషత్తులో నిలువలేదు. ఇది వింతగా కనబడును గాని, అధ్యక్షపీఠము ఎవరిదైనను లెక్కలు సభలోనే తేలును.

తగవు పీఠస్థానమును గూర్చినది. బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురము అను ఊళ్ల పేర్లు వాదములలో దొరలినవి. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క బలము కలదు. బెజవాడ రైళ్ల కూడలి, తెలుగు నేలకు నడుబొడ్డు. రాజమహేంద్రవరము ఆదికవి పట్టణము, పేరుపడిన కళాశాల గలది. విశాఖ సముద్రతీరము, విశాలమైన మెరక నేల గలది. అనంతపురమున 1916లో నెలకొల్పబడిన దత్తమండల కళాశాల అప్పటికే ఉండెను. విద్య ఎచ్చట తక్కువయో అచ్చటనే విద్యాపీఠము ఉండవలెననుట దాని పక్షమువారి వాదము. సెనేటులో చర్చలు, మదరాసు శాసనసభలో చర్చలు, పత్రికలలో లేఖలు: కొన్ని సంవత్సరములు ఇదియే గొడవ. తుదకు పీఠము విశాఖపట్టణమునకు దక్కెను. 1930లో కార్యస్థానము అచ్చటికి తరలిపోయెను.

ఇచ్చట సభల స్వభావమును గూర్చి కొంత విచారించవలెను. సభ సర్దుబాటునకు మంచి సాధనము. జీతము ఎంత, పుస్తకము ఏది, సెలవులు ఎన్నాళ్లు అను విషయములలో ఒకరు కొంత తగ్గి మరియొకరు కొంత హెచ్చి మధ్యస్థముగా తేల్చుకొందురు. కాని పీఠస్థానము అట్టిది కాదు. అది ఒక్క ఊరికి దక్కును, తక్కిన ఊళ్లకు దక్కదు. విడదీయరాని వస్తువును వోట్లతో తేల్చబూనినచో సంఖ్య తక్కువైనవాడు మొదటినుండియు ఓడినవాడే. వాదము ఎంత బలమైనదైనను వానికి మిగులునది లేచిపోవుట యొక్కటే. ఆనాటి దత్తమండల నాయకులు చేసినదియు అదియే.

దూరపు మాటయు కలదు. బళ్లారినుండి గుంతకల్లు సుమారు 50 కిలోమీటర్లు. గుంతకల్లులో మదరాసు బండి ఎక్కినచో గుత్తి, కడప, రేణిగుంటల మీదుగా పట్టణము చేరవచ్చును. వకీళ్లు, వర్తకులు, విద్యార్థులు తరతరములుగా ఎరిగిన త్రోవ అది. విశాఖకు పోవలెనన్న నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ చేరి, అటుపై కోస్తా పొడుగున ఉత్తరపు కొసకు పోవలెను. పట్టాకై కూతురును అత్తవారింటికి పంపినంత పని. తెలుగువాడైన వానికి తెలుగు పరిషత్తుకన్న అరవదేశపు మదరాసు దగ్గరయైనది. భాష ఒక దిక్కునకు లాగగా రైలుపట్టా మరియొక దిక్కునకు లాగెను, రైలే గెలిచెను.

తప్పు ఎవరిది? మా అభిప్రాయము చెప్పుటకు వెనుదీయము. సర్కారు జిల్లాలవారిది పెద్ద తప్పు. పీఠము తమకు దక్కిన నాడే అనంతపురమునకు ఒక శాస్త్ర కళాశాలనో, స్నాతకోత్తర కేంద్రమునో చట్టములోనే వ్రాసి యిచ్చియుండవలసినది. గెలిచినవాడు ఇచ్చునది ఔదార్యము. ఓడినవాడు అడిగిన పిదప ఇచ్చునది బేరము. దత్తమండలములవారిదియు కొంత తప్పు కలదు. సభ విడిచిపోయినవాని పేరు తరువాతి తీర్మానములలో ఎక్కదు. మన కళాశాలలు మదరాసు క్రిందికి పోయిన పిదప, ఆంధ్ర పరిషత్తు విద్యాసభలలో రాయలసీమ ఉపాధ్యాయుని గొంతు లేకపోయెను. తెలుగు పాఠ్యక్రమము ఎట్లుండవలెను, ఏ మాండలికమునకు ఎంత మన్నన, ఏ కవులు ఏ కావ్యములు అను చర్చలన్నియు మనవారు లేకయే సాగిపోయినవి. మదరాసులోనో, తమిళ, మలయాళ, కన్నడ భాషలతో పాటు తెలుగు నాలుగింటిలో ఒకటి. ఆ లోటు లెక్కకు అందునది కాదు గాని, లోటే.

ఇట్లనుటచేత ఆంధ్ర పరిషత్తు ఘనతను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. రామలింగారెడ్డిగారు 1930లో, ఉప్పు సత్యాగ్రహకాలపు దమననీతికి నిరసనగా పదవి విడిచిరి. ప్రభుత్వము గుర్తించిన పీఠమునందు కూర్చుండి అట్టి పని చేయుటకు గుండెబలము కావలెను. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు ఉపాధ్యక్షులై, అధ్యాపకుల ఎంపికయందు ఊరును, కులమును, జిల్లాను చూడక పాండిత్యమును చూచిరి. వంగదేశమునుండి హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీరు వంటి యువకులు వాల్తేరుకు వచ్చి పాఠములు చెప్పిరి. రసాయనశాస్త్రమున శేషాద్రిగారు, భౌతికశాస్త్రమున భగవంతముగారు పేరు తెచ్చిరి. 1936లో రామలింగారెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు ఆ పీఠమున నిలిచిరి. ఎంపిక సంఘము గట్టిదైనచో సెనేటులోని గందరగోళము తరగతి గదిని అంటదనుటకు వాల్తేరు తొలి దశాబ్దములు నిదర్శనము. ఆ తరగతి గదులలో మన బళ్లారి బిడ్డలకు చోటు సహజముగా దక్కవలసినది, దక్కలేదు. మా బాధ అంతయు అదియే.

సంఘముల నడకను గూర్చి పరిహాసము చేసినవారును లేకపోలేదు. రామలింగారెడ్డిగారు చదివిన కేంబ్రిడ్జిలోనే ఫ్రాన్సిస్ కార్న్‌ఫర్డు అను గ్రీకు పండితుడు 1908లో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. విశ్వవిద్యాలయమున ఏ మంచి పనినైనను ఆపుటకు పెద్దలు చెప్పు సాకులను అందు వరుసగా బయటపెట్టెను. చేయదగినదే గాని ఇంకను కాలము పక్వము కాలేదు అనునది వానిలో ఒకటి. అనంతపురము కేంద్రము కథ చదువునపుడు ఆ పుస్తకము మాకు పదేపదే జ్ఞాపకము వచ్చెను.

1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమునందు సర్కారు, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. నీళ్లు, రాజధాని, హైకోర్టు, శాసనసభలో స్థానములు అను విషయముల గూర్చి అందరును ఎరుగుదురు. ఆ ఒడంబడికలో మొట్టమొదట చెప్పబడినది విశ్వవిద్యాలయమనుట మాత్రము మరచిపోయితిమి. ఒకే పరిషత్తు క్రింద వాల్తేరున ఒకటి, అనంతపురమున ఒకటిగా రెండు కేంద్రములు వృద్ధి చేయవలెనని అందు ఒప్పుకొనిరి. పదేండ్ల క్రితము సెనేటులో వోట్లకు పెట్టి తేల్చిన తగవును ఇపుడు నట్టింట చాపమీద కూర్చుండి సర్దుకొనిరన్న మాట. విడదీయరానిదనుకొన్న పీఠమును రెండుగా విడదీయవచ్చునని అప్పటికి తోచెను.

తోచినంత త్వరగా పని జరుగలేదు. ఒప్పందము పెద్దమనుషులది, దానిని నిర్వహించుటకు ఏ సిండికేటునకును ఆజ్ఞ లేదు, ఏ బడ్జెటులోను పద్దు లేదు. యుద్ధము వచ్చెను, స్వాతంత్ర్యము వచ్చెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వచ్చెను. 1954లో రాయలసీమకు విశ్వవిద్యాలయము వచ్చినది గాని అది తిరుపతిలో, శ్రీవేంకటేశ్వరుని పేర. స్వామి సన్నిధికి ఎవరు అడ్డు చెప్పుదురు? అనంతపురమునకు 1968లో ఆ విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రము దక్కెను. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమయ్యెను. శ్రీబాగు చాపమీద మాట పుట్టినది మొదలు అనంతపురమున విశ్వవిద్యాలయము వెలయువరకు నలుబది నాలుగేండ్లు.

ఆ నలుబది నాలుగేండ్లలో పదునారేండ్లు గడచునప్పటికే మనము గడప దాటితిమి. 1953లో జిల్లా చీలెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు పోయినవి. బళ్లారి తాలూకా సంగతి తేల్చుటకు జస్టిస్ మిశ్రాగారిని నియమించిరి. అది మైసూరుకే చెందవలెనని ఆయన చెప్పిరి. 1955లో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము, తుంగభద్ర ప్రాజెక్టును దృష్టియందుంచుకొని, బళ్లారి, హోసపేట ప్రాంతములను ఆంధ్రమునకు ఇయ్యవచ్చునని సూచించెను. 1956లో ఆ సూచన అంగీకరింపబడలేదు. ముగ్గురు సభ్యుల సంఘము ఒకటి చెప్పెను, ఒక న్యాయమూర్తి మరియొకటి చెప్పెను, పార్లమెంటు న్యాయమూర్తి పక్షమున నిలిచెను. దీనిని గూర్చి ఇపుడు వగచుట లేదు. కన్నడ సోదరులతో పాలునీళ్లవలె కలసి బ్రతుకుచున్నాము. మన పిల్లలు రెండు నుడులలోను నవ్వుదురు, రెండు నుడులలోను పోట్లాడుదురు. చదువు విషయమున మాత్రము ఆ నిర్ణయపు ఫలితము సూటియైనది. 1945లో వెలసిన బళ్లారి వీరశైవ కళాశాల మదరాసునుండి క్రమముగా ధార్వాడకు, 1980 పిదప గుల్బర్గాకు, 2010 పిదప బళ్లారిలోనే వెలసిన విశ్వవిద్యాలయమునకు అనుబంధమయ్యెను. రేకుపెట్టెలోని నాలుగు పట్టాల వెనుక గల కథ ఇదియే.

ఒక చిత్రము చూడుడు. సరిహద్దునకు అటు అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము. ఇటు బళ్లారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము. రెండింటికిని నడుమ సుమారు 100 కిలోమీటర్లు. రాయలు తెలుగున కావ్యము వ్రాసినవాడు, కన్నడ నేల నేలినవాడు. ఆయన పేరు రెండు రాష్ట్రముల రెండు చట్టములలోను ఎక్కినది. రెండు విద్యాసభలును ఎప్పుడైన ఒక్క చావడిలో కూర్చుండినచో ఆ సభలో మన కప్పగల్లువాని గోడు వినుటకు ఉభయులకును అర్హత కలదు.

విశ్వవిద్యాలయము లేకయే ఈ సీమ సరస్వతిని కొలువలేదా అని కొందరు అడుగవచ్చును. కొలిచినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో వకీలుగా ఉండి సరసవినోదినీ సభను నడిపిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపిరి. ఆ రంగములమీదనే పెరిగిన రాఘవాచార్యులవారు బళ్లారి రాఘవగా దేశమంతట పేరొందిరి. ఆ సభలకు సెనేటు లేదు, సిండికేటు లేదు. ఉన్నది రసికుల చందా. కాని చందాతో నాటకము ఆడవచ్చును గాని పరీక్ష పెట్టి పట్టా ఇయ్యరాదు. పట్టా లేనిదే బ్రతుకుతెరువు లేని కాలమిది.

మన ఊరి కొండ సంగతియు ఇటువంటిదే. కప్పగల్లు, సంగనకల్లు కొండలలోని నూతన శిలాయుగపు ఆనవాళ్లు, బండలమీద చెక్కిన యెద్దుల బొమ్మలు, కొట్టిన గంటవలె మ్రోగు రాళ్లు నేడు లోకప్రసిద్ధములు. రాబర్టు బ్రూస్ ఫూటు దొర మొదలు ఎందరో వీనిని చూచిరి. బెండపూడి సుబ్బారావుగారు పూనాలోని దక్కను కళాశాలనుండి వచ్చి సంగనకల్లులో త్రవ్వించి, 1948లో బళ్లారి శిలాయుగ సంస్కృతులను గూర్చి గ్రంథము ప్రకటించిరి. పిమ్మట ధార్వాడ విద్వాంసులు, కేంబ్రిడ్జి విద్వాంసులు కలసి పనిచేసిరి. తెలుగు పేరు గల పండితుడు మన కొండను చదువుటకు పూనానుండి రావలసి వచ్చెను. ఏ విశ్వవిద్యాలయపు ఏ శాఖకు ఎంత డబ్బు కేటాయించవలెనను తీర్మానము మీదనే ఏ కొండను ఎవరు త్రవ్వుదురనునది ఆధారపడును.

ఇటీవలి మార్పును గూర్చి చెప్పనిదే ఈ కథ పూర్తి కాదు. సెనేటు అను మహాసభయే ఇపుడు ఉభయ రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో కనుమరుగైనది. ఆంధ్రప్రదేశమున 1991 నాటి చట్టముతో పాత సెనేటు, సిండికేటులు పోయి, కార్యనిర్వాహక మండలి, అకడమిక్ సెనేటు అనునవి వచ్చినవి. కర్ణాటకమున 2000 సంవత్సరపు చట్టము క్రింద సిండికేటు, అకడమిక్ కౌన్సిలు ఉన్నవి. పాత తరహా సెనేటు లేదు. సెనేటులలో వ్యర్థప్రసంగములు, ఎన్నికల పన్నాగములు, కులముల బేరములు ఉండెననుట నిజమే. పీఠస్థానపు రభసయే అందుకు సాక్ష్యము. అయినను పట్టభద్రుల వోట్లతో గెలిచిన ఒక మారుమూల వకీలు లేచి నిలబడి, మా జిల్లాకు ఏమి చేసితిరి అని ఉపాధ్యక్షుని అడుగుటకు అచ్చట వీలుండెను. నియుక్తులే ఎక్కువగా ఉన్న చిన్న సభలో పని చురుకుగా సాగవచ్చును. అడుగువాడు మాత్రము లోపల ఉండడు. అల్పసంఖ్యాకులకు ఈ రెండింటిలో ఏది మేలు? గట్టిగా అరచుటకు వీలున్న సభలో ఓడిపోవుటయే, తలుపు మూసిన గదిలో మరువబడుటకన్న మేలని మేము తలచుచున్నాము. మాతో ఏకీభవింపనివారు మన సంఘములోనే పలువురు కలరు. ఈ విషయమున మాకును వారికిని సంక్రాంతి నాటి సాయంకాలమెల్ల వాదము జరిగినది.

రాజ్యాంగము మనకు కొన్ని అండలు చూపినది. ముప్పదవ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పించవలెనని చెప్పినది. ఈ రెండవ అండ ప్రాథమిక పాఠశాలతోనే ఆగిపోవును. పట్టభద్రతాస్థాయిలో తెలుగు ఒక భాషాపత్రముగా ఉండుట, ఉండకపోవుట న్యాయస్థానము తేల్చు సంగతి కాదు, పాఠ్యనిర్ణాయక సంఘము తేల్చు సంగతి. అచ్చట మొదట ప్రతిపాదన రావలెను. అది విద్యాసభకు పోవలెను. ఖర్చు ఉన్నచో సిండికేటుకు పోవలెను. అధ్యాపకుడు లేడు గనుక పత్రము లేదనుట, పత్రము లేదు గనుక అధ్యాపకుని పోస్టు లేదనుట ఎచ్చటనైనను సులభముగా పుట్టు చక్రము. ఆ చక్రము ఎచ్చట మొదలగునో తెలియనివారు మంత్రిగారికి వినతిపత్రము ఇత్తురు. మంత్రిగారు దానిని విశ్వవిద్యాలయమునకు పంపుదురు. విశ్వవిద్యాలయము దానిని దాఖలు చేయును. అర్జీ సరియైన గుమ్మమున పడవలెనన్న ఆ గుమ్మము ఏదియో మొదట తెలిసియుండవలెను.

పైన చెప్పిన గృహస్థుని యింట, పట్టా తెచ్చుకొన్న అమ్మాయి ఆ పెట్టె తెరచి నాలుగింటిని నేలమీద పరచి చూచుచు, ‘జేజినాయనా, మీ నాయనది మద్రాసు, మీది ధార్వాడ, మనము ఇన్ని ఊళ్లు తిరిగినామా?’ అని అడిగినదట. ఆయన, ‘మనమెక్కడికీ పోలేదమ్మా’ అని మాత్రము చెప్పి, పట్టాలను మరల చుట్టి పెట్టెలో ఉంచెనట.

1926 మొదలు దత్తమండలములు తొలగిపోవు వరకు గల ఆ కొలది యేండ్లకు సంబంధించిన కాగితములు, అనగా ఆనాటి కళాశాల రశీదులు, సెనేటు ఎన్నికల కరపత్రములు, పీఠస్థానము గూర్చి బళ్లారిలో జరిగిన సభల ఆహ్వానపత్రములు, పెద్దలు వ్రాసికొన్న ఉత్తరములు, మన కుటుంబములలో ఎవరి పెట్టెలోనైనను ఉన్నయెడల, వానిని పారవేయక, చెదలు పట్టనీయక, సంఘపు కార్యదర్శికి ఒక్కమారు చూపవలసినదిగా కోరుచున్నాము. నకలు తీసికొని అసలు కాగితమును జాగ్రత్తగా తిరిగి యిచ్చెదము.